ఉగాది నుంచి అమ్మకపు పన్ను

కడప,
జనవరి 5.

ప్రతిపక్ష నాయకురాలు అంజలి గారికి,

ఈ పిలుపు చూసి నవ్వుకున్నావా? ఎగతాళి కాదు, నిజంగానే నీకు ఆ పదవి ఇస్తున్నాను. ఈ నెలాఖరున మా కాలేజీలో నమూనా పార్లమెంటు పెడుతున్నారు. విద్యార్థులే సభ్యులు, విద్యార్థులే మంత్రులు. చీటీలు తీస్తే నాకు ఆర్థిక మంత్రి పదవి వచ్చింది. నేను సభలో పెట్టాల్సిన బిల్లు ఏమిటంటే, ఆదాయపు పన్ను పూర్తిగా రద్దు. దాని బదులు దేశమంతటా ఒకే అమ్మకపు పన్ను. సంపాదించినప్పుడు ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు, కొన్నప్పుడు కట్టాలి. ఇప్పుడున్న జీఎస్టీ కూడా అందులోనే కలిసిపోతుంది.

హాస్టల్లో ఆదివారం పూట తప్ప ఫోన్ చేతికివ్వరు. అందుకే ఈ ఉత్తరాలు. ఒక్కోసారి వార్డెనమ్మకు దండం పెట్టాలనిపిస్తుంది. ఫోన్లో అయితే నీతో ఇంత సేపు ఇంత శ్రద్ధగా మాట్లాడతానా? ఈ వారమంతా ‘ప్రతిపాదిస్తున్నాను’ అన్న మాట మీద మోజు పట్టింది నాకు. స్నానాల గదిలో గోడకు చెప్తున్నాను: “అధ్యక్షా, నేను ప్రతిపాదిస్తున్నాను!” బయట బకెట్లు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిలు తిట్టిపోస్తున్నారు.

నా వాదన విను. మన దేశంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు కొద్దిమంది. జీతం తీసుకునేవాడు దాచలేడు, వ్యాపారి దాచగలడు. (మా నాన్నకు చెప్పకు.) అదే కొన్నప్పుడు పన్ను అయితే తప్పించుకునే దారి లేదు. కారు కొన్నవాడు కారుకు తగ్గట్టు కడతాడు, సబ్బు కొన్నవాడు సబ్బుకు తగ్గట్టు కడతాడు. పొదుపు చేసేవాడిని ఎవరూ ముట్టుకోరు. పాత వస్తువు చేతులు మారితే పన్ను లేదు. పేదవాళ్ల మీద భారం పడకుండా, బతకడానికి అయ్యే ఖర్చు మీద పడే పన్నును ప్రతి నెలా ముందే వాళ్ల ఖాతాలో వేస్తాం.

ఇందులో తప్పులు పట్టు. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం, నా లెక్కల్లో తప్పులు పట్టింది నువ్వే గదా. దయ చూపించకు.

నీ
శ్రీవిద్య


ఆలూరు,
జనవరి 12.

గౌరవనీయ ఆర్థిక మంత్రి గారికి,

నీ బిల్లును మా ఇంటి సభలో చదివి వినిపించాను. నాయన, అమ్మ సుగ్గికి పోవడానికి మూటలు కడుతున్నారు. ఏటా ఈ కాలానికి మా పేట సగం ఖాళీ అయి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం నీకు తెలియంది కాదు.

నాయన గోనెసంచి మీద కూర్చుని అంతా విన్నాడు.

“మనం ఇన్‌కం ట్యాక్సు యాడ కడ్తాండామే?” అన్నాడు అమ్మతో.

“ఇన్‌కం ఉంటే గదా ట్యాక్సు,” అంది అమ్మ తాడు ముడి పళ్లతో బిగిస్తూ.

“మరి ఆ పాప బిల్లు శానా బాగుండాది. సంపాదించినోనికి పన్ను ల్యా. కొన్నోనికి ఉండాది. అంటే శెట్టికి ల్యా, మద్దిలేటికి ఉండాది.”

శెట్టి అంటే మీ నాన్నే, మద్దిలేటి అంటే తనే. నాయన ఎగతాళికి అన్నాడులే, కోపంతో కాదు. కానీ నా మొదటి అభ్యంతరం అదే. ఉన్నవాడు సంపాదించిన దాంట్లో కొంచెమే ఖర్చు పెడతాడు. మిగిలింది దాచుకుంటాడు, భూమి కొంటాడు. భూమి నీ బిల్లులో పాత వస్తువే అవుతుంది గదా? మా ఇంట్లో వచ్చిందంతా వచ్చినట్టే అంగడికి పోతుంది. అంటే మా మొత్తం బతుకు మీద పన్ను, వాళ్ల బతుకులో ఒక మూల మీద పన్ను. రెండోది, ఖజానాకు వచ్చేదంతా అమ్మకాల నుంచే రావాలంటే నూటికి ఎంత వేస్తావు? ఆ అంకె నువ్వు రాయలేదు. కావాలనే రాయలేదా? మూడోది, అంత పన్ను వేస్తే బిల్లు రాసి ఎవరు అమ్ముతారు? ఇప్పుడే “బిల్లు కావాల్నా, రేటు తగ్గించాల్నా” అని అడుగుతారు. ఏ అంగట్లో అని మాత్రం నేను చెప్పను. ఇక నెలనెలా ఖాతాలో వేస్తానన్నావు. అమ్మకు రావాల్సిన ఉపాధి కూలి ఒకసారి అమ్మ పేరే ఉన్న వేరే హులిగెమ్మ ఖాతాలో పడింది. అది వెనక్కి తెచ్చుకునేసరికి మా అమ్మ చెప్పులు అరిగిపోయాయి.

ఈసారి సుగ్గి కూలి దేనికో చెప్పనా? విత్తనాలకు. నిరుడు వానల్లేక మా మూడెకరాల్లో వేరుశనగ కాయే పట్టలేదు, విత్తనానికి దాచుకోను గంపెడు కూడా మిగల్లేదు. జూన్‌లో అన్నీ కొనాల్సిందే. ఈ ఏడు కూడా పంట పోతే నా డిగ్రీ మాన్పించి అందరం బెంగళూరు పోదామని నాయన మొన్న మెల్లగా అన్నాడు. నాకు వినపడలేదనుకున్నాడు.

ఇదీ ప్రతిపక్షం. గెలిచి రా.

అంజలి


కడప,
ఫిబ్రవరి 1.

అంజలీ!

గెలిచాను! ఉత్తమ వక్త బహుమతి నాకే. మా ఎకనమిక్స్ ప్రదీప్‌కుమార్ సారు వేదిక మీదికొచ్చి, “ఈ అమ్మాయి మాట వింటే ఇక నా జీతంలో పన్ను కట్ కాదని నమ్మేశాను,” అన్నారు. హాలంతా నవ్వులు.

నీ అంకె ప్రశ్న సరిగ్గా అలాగే వచ్చింది. ప్రతిపక్షంలో పద్మప్రియ లేచి “నూటికి ఎంత, మంత్రి గారూ?” అని అడిగింది. నీ వల్ల సిద్ధంగా ఉన్నాను. ముప్పై అని చెప్పాను. సభ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. ఒక అంకెకు అంత బలం ఉంటుందని తెలియదు నాకు.

ఇంకో సంగతి. సారు ఇచ్చిన ముసాయిదాలో ‘రాబోయే ఆర్థిక సంవత్సరం మొదలుకొని’ అని ఉంది. ఎంత చప్పగా ఉంది! దాన్ని కొట్టేసి ‘వచ్చే ఉగాది నుంచి’ అని రాసుకున్నాను. ఆ మాట దగ్గరే చప్పట్లు మోగాయి.

మొత్తం వీడియో నాన్న ఫోనుకు పోలేదు, చాలా పెద్దది. అందుకని ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు కూర్చుని, బాగా పలికిన ముక్క వరకు కత్తిరించి పంపాను. అది ఇదీ: “వచ్చే ఉగాది నుంచి ఈ దేశంలో ఆదాయపు పన్ను ఉండదు. కొత్త వస్తువు ఏది కొన్నా నూటికి ముప్పై అమ్మకపు పన్ను. ఉగాదికి ముందు కొన్నదానికి పన్ను లేదు. ఇది ఈ ప్రభుత్వం మాట!” చివరి వాక్యం అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చింది. ఎలా ఉంది?

నాన్న ఫోన్లో, “అంగడికొచ్చిన ప్రతోనికీ చూపిస్తాండా పాపా,” అన్నాడు. నాన్న నన్ను అలా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

నీ
శ్రీవిద్య


ఆలూరు,
ఫిబ్రవరి 13.

శ్రీవిద్యా,

నీ ముక్క చూశాను. ఆలూరులో చూడనివాళ్లు లేరు.

నీ వెనక జెండా, పక్కన మూడు సింహాల బొమ్మ, ముందు రెండు మైకులు. ‘నమూనా’ అన్న మాట ఎక్కడా లేదు. మీ నాన్న దాన్ని అంగట్లో టీవీకి తగిలించాడు. నూనె డబ్బాల పైన నువ్వు పొద్దుటి నుంచి అదే మాట చెప్తూనే ఉన్నావు.

జనం అడుగుతున్నారు, “శెట్టీ, నిజమేనాప్పా?” అని.

“నేనేం చెప్పల్యా. మా పాప నోటితో మీరే ఇంటాండారు గదా,” అంటాడు మీ నాన్న, తూకం మీంచి కళ్లు ఎత్తకుండా.

మా పక్కింటి భీమక్క గోనెసంచి నిండా బట్టల సబ్బులు తెచ్చుకుంది. “అక్కా, ఇన్ని ఏం చేసుకుంటావు?” అన్నాను. “ముందే కొంటే ముప్పై మిగుల్తాది. మురికి యాడికి పోతాదిమే, ఉంటాది గదా,” అంది. నవ్వాను. ఆ తర్వాత సెల్లు రీచార్జీ చేసే ఆంజనేయ అంగడి ముందు మనుషులు వరుస కట్టడం చూశాను. నీ వీడియో ఫోన్లోకి ఎక్కించుకోవడానికి. పక్క ఊళ్లలో నీ పేరు ‘ఢిల్లీ పాప’. అప్పుడు నవ్వు రాలేదు.

నేను అందరికీ చెప్తున్నాను, అది కాలేజీ పోటీ, నాటకం లాంటిదని. “శెట్టి కూతురు నాటకాలు ఆడుతాదా? పరువు గల ఇల్లుమే అది,” అని నన్నే కసురుకుంటున్నారు. నిన్ను ఎరిగినవాళ్లు కాబట్టి నమ్మరనుకున్నాను. ఎరిగినవాళ్లు కాబట్టే నమ్ముతున్నారు. శెట్టి కూతురికి ముందే తెలిసింది, వాళ్ల నాయన మనకు మేలు చేయాలని చెప్తున్నాడు అంటున్నారు.

మిరప తోట నుంచి నాయన ఫోన్ చేశాడు. అక్కడికీ చేరింది. “విత్తనాలు ఇప్పుడే తీసుకుందామా?” అని అడిగాడు. వద్దని చెప్పి ఆపాను.

నాకొకటి చేసిపెట్టు. ఒక కాగితం మీద, ఇది కాలేజీ పోటీలో నేను మాట్లాడిన మాట, అలాంటి పన్ను ఏదీ రావడం లేదు అని రాసి సంతకం పెట్టి పంపు. నీ చేతి రాత చూస్తే నమ్ముతారు. త్వరగా.

అంజలి


కడప,
ఫిబ్రవరి 21.

అంజలీ,

ఢిల్లీ పాపనా! పాపం భీమక్క సబ్బులు తలుచుకుని హాస్టలంతా దొర్లి దొర్లి నవ్వింది. నాకు లోపల కొంచెం భయం వేసింది, ఇంకొంచెం ఇంకేదో కూడా అనిపించింది. నా మాట ఒక ఊరిని కదిలించింది! అలా అనుకోవడం తప్పని తెలుసు. అయినా నీ దగ్గర దాచను.

కాగితం సంగతి. నాన్నకు ఫోన్ చేసి అడిగాను. పెద్దగా నవ్వాడు. “ముందో ఎనకో కొనేవే గదా పాపా. ఉప్పు, సబ్బు, నూనె. కొన్నోనికి నష్టమా? అమ్మినోనికి నష్టమా? ఊరికే ఎందుకు రాసిచ్చేది?” అన్నాడు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. సబ్బు చెడిపోదు గదా. పైగా నేను అలా రాసిస్తే నాన్న మోసం చేశాడని నా చేత్తో రాసినట్టే అవుతుంది. ప్రదీప్‌కుమార్ సారు కూడా, మా కాలేజీ పేరు ఇందులోకి లాగొద్దు, రెండు వారాల్లో అదే చల్లారుతుంది అన్నారు. ఆలోచించి పంపుతాను, సరేనా? కోపం తెచ్చుకోకు.

ఈ గోల పక్కన పెట్టి వాదానికి రా. నీ మొదటి అభ్యంతరానికి జవాబు దొరికింది. ఉన్నవాడు దాచుకున్న సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు ఖర్చు కావాల్సిందే, వాడు కాకపోతే వాడి కొడుకు. పన్ను అప్పుడు పడుతుంది. ఆలస్యమే గానీ తప్పించుకోవడం కాదు. ఏమంటావు?

రాష్ట్రస్థాయి పోటీకి నన్ను పంపుతున్నారు, జూలైలో. మళ్లీ ఇదే బిల్లు.

నీ
శ్రీవిద్య


ఆలూరు,
మార్చి 3.

శ్రీవిద్యా,

నీ జవాబుకు జవాబు: ఉన్నవాడికి ఆలస్యం చేసే వీలుంది. మాకు లేదు. మాకు వాన ఏ రోజు పడితే ఆ రోజే విత్తాలి.

ఇప్పుడు సబ్బుల మాట ఎవరూ ఎత్తడం లేదు. విత్తనాల మీద పడ్డారు. జూన్‌లో కొనాల్సిన వేరుశనగను ఇప్పుడే కొంటున్నారు, ఉగాది దాటితే నూటికి ముప్పై అని. మీ గోడౌను వెనక కాయలు వలిచే మిషను తెల్లవారకముందే మొదలవుతోంది. పొట్టు దుమ్ము మా పేట దాకా ఎగిరొచ్చి నీళ్ల బిందెల మీద కూర్చుంటోంది. నిరుడు బయటి ఊళ్ల నుంచి కొని ఉంచిన కాయలన్నీ వలిపించి మీ నాన్న గింజలుగా ఎక్కువ ధరకు అమ్ముతున్నాడు. కాయలు అడిగితే, “కాయలు ల్యావు, గింజలే ఉండాయి. కావాల్నంటే తీసుకోండి, ల్యాకుంటే ఉగాది అయినంక ముప్పై కట్టి కొనుక్కోండి,” అంటున్నాడు.

నీకు సేద్యం తెలియదు కాబట్టి చెప్తున్నాను. వేరుశనగ విత్తనాన్ని కాయగానే దాచాలి. విత్తే ముందు వారం పది రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని వలుచుకుంటాం. పొట్టు తీసిన గింజ ఈ ఎండాకాలం దాటి బతకదు, లోపల నూనె చెడి మొలక చచ్చిపోతుంది. ఇది మా పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ కొంటున్నారు. “బూడిద కలిపి కుండలో పెడితే ఉంటాదిలే,” అంటున్నారు. “ముప్పై కట్టేది యాడనుంచి తెచ్చేదిమే?” అంటున్నారు.

మీ నాన్నకు కూడా తెలుసు శ్రీవిద్యా. ముప్పై ఏళ్లుగా ఆ వ్యాపారం చేస్తున్న మనిషి.

నాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. నీ కాగితం వస్తుందని చెప్పి ఆపుతున్నాను.

అంజలి


కడప,
మార్చి 11.

అంజలీ,

కాగితం ఇందులోనే పెట్టాను. పెద్ద అక్షరాలతో రాశాను. “ఇది కాలేజీ పోటీ కోసం చెప్పిన మాట. నేను మంత్రిని కాను. ఇలాంటి పన్ను ఏదీ లేదు, రాదు.” సంతకం పెట్టాను. నాలుగుసార్లు రాసి చించేశాను. మొదట రాసినవన్నీ మరీ అందంగా ఉన్నాయి.

నీ ఉత్తరం చదివి ఆదివారం దాకా ఆగలేక, వార్డెనమ్మను బతిమాలి ఇంటికి ఫోన్ చేశాను. అవ్వ ఎత్తింది. మా రాజ్యలక్ష్మమ్మ అవ్వ సంగతి నీకు తెలుసు గదా, అంగడి లెక్క ఇప్పటికీ ఆమెకు చెప్పాల్సిందే. “మేము అబద్ధం చెప్పినామా? నువ్వు చెప్పిందే ఇనిపిస్తిమి. నీ ఫీజు యాడనుంచి వస్తాదనుకున్యావు?” అంది. తర్వాత నాన్న తీసుకున్నాడు. గింజలు వెనక్కి తీసుకోమని అడిగాను. “అమ్మిన సరుకు ఎనక్కి తీసుకుంటే రేపు అంగట్లో ఎవరు నిలబడ్తారు?” అన్నాడు. తర్వాత మెల్లగా, “కాయల ధర పడిపోయింది పాపా, గోడౌను నిండా ఉండె. మునిగిపోయేవాళ్లం,” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నువ్వు గింజలు కొనలేదు గదా? మీ నాయనకు చెప్పి ఆపావు గదా? ఆ ఒక్క మాట రాయి చాలు.

శ్రీవిద్య


ఆలూరు,
మార్చి 24.

శ్రీవిద్యకు,

ఉగాది అయిపోయింది.

గుళ్లో పంచాంగం చదువుతుంటే మారెన్న తాత లేచాడు. మా పేట పెద్దమనిషి, ఆయన లేస్తే అందరూ ఆగుతారు. “పంతులూ, ఆదాయం, వ్యయం తరవాత చెబ్దువు. కొత్త పన్ను రాసిండారా ల్యాదా సూడు ముందు,” అన్నాడు. పంతులు పంచాంగం పేజీలు అటూ ఇటూ తిప్పాడు. మరుసటి రోజు అంగళ్లలో అన్నీ పాత ధరలే. నిజం తెలిసిపోయింది, ఇక మీ నాన్న మీదికి పోతారు అనుకున్నాను. ఎవరూ పోలేదు. “ఎలచ్చన్లకు భయపడి ఎనక్కి జరిపినారు. దసరాకు వస్తాదంట,” అని వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు.

నీ కాగితం రచ్చకట్ట దగ్గర చదివాను. భీమక్క కంటతడి పెట్టుకుంది. నమ్మి కాదు. “పాపం, ఆ పాపను బెదిరించి రాపిచ్చినారు,” అని.

నీ ప్రశ్నకు జవాబు. కొన్నాం. నీ కాగితం వచ్చే ముందురోజు. నాయన మిరప తోట నుంచి కూలి మొత్తం పంపి, “ఊరంతా కొంటాంటే మనొక్కరమే తెలివిగల్లోళ్లమా? పోయి తీసుకో,” అన్నాడు. మీ అంగట్లోనే తీసుకున్నాను. మీ నాన్న నన్ను గుర్తుపట్టి, ఒక దోసెడు ఎక్కువ వేశాడు.

సంచులు రేకుల గదిలో ఉన్నాయి. మధ్యాహ్నం ఆ గదిలో చెయ్యి పెడితే గోడ కాలుతోంది.

అంజలి


కడప,
మే 9.

అంజలీ,

ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్కలేదు. పరీక్షలు అయిపోయాయి. సెలవులు ఇచ్చారు, అందరూ వెళ్లిపోయారు. నేను రాష్ట్రస్థాయి పోటీకి సిద్ధం కావాలని చెప్పి ఇక్కడే ఉండిపోయాను.

నిన్న హాస్టల్లో మిగిలిన ముగ్గురం ఒంటిమిట్ట వెళ్లాం. గుడి ముందు పేలాలు అమ్మే ఆవిడ నా వంక తేరిపార చూసి, “పన్ను పాపవు గదా నువ్వు? నా ఫోన్లో ఉండావు,” అంది. డబ్బులు తీసుకోలేదు. దర్శనం కాకుండానే వెనక్కి తిరిగాను.

మీ గింజలు ఎలా ఉన్నాయి? బాగున్నాయని రాస్తే నమ్ముతాను. బాగాలేవని రాసినా నమ్ముతాను.

శ్రీవిద్య


ఆలూరు,
జూన్ 16.

శ్రీవిద్యకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటినా నీకు రాయలేదు. రాయడానికి కూర్చుంటే గింజల వాసన చేతులకు అంటుకున్నట్టుండేది.

గుప్పెడు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, మొలకెత్తుతాయేమో అని చూడటం మా అలవాటు. ఏప్రిల్‌లో చూస్తే సగం మొలిచాయి. మేలో నాలుగైదు. మొన్న చూస్తే ఉబ్బి, జిగురెత్తి, పాత నూనె దీపం వాసన కొట్టాయి. పట్టా విప్పి అమ్మకు చూపించాను. అమ్మ వేళ్లతో ఒక గింజ నలిపి, మళ్లీ పట్టా చుట్టి నా చేతికే ఇచ్చింది.

“మీ నాయనకు చూపిచ్చొద్దు.”

“ఎందుకమ్మా?”

“చూపిస్తే ఏం చేస్తాడు? యాడనుంచి తెస్తాడు?”

సబ్సిడీ విత్తనాలకు పేర్లు రాయించుకునే గడువు మేలోనే అయిపోయింది. ఇంట్లో విత్తనాలు ఉన్నాయని మా పేటలో ఎవరూ రాయించుకోలేదు.

నిన్న వాన పడింది. మంచి వాన, ఐదేళ్లలో ఇంత మంచి వాన చూడలేదు. ఊరు ఊరంతా విత్తే గొర్రులు కట్టింది. నాయన ఎద్దులను తోలాడు, వెనక అమ్మ గింజలు వేసింది, ఆ వెనక నేను. నాయన రెండో సాలు చివర ఆగి, సంచిలో చెయ్యి పెట్టి గింజలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకు తెలిసిపోయింది. అమ్మ వంక చూశాడు. ఎద్దులను మళ్లించాడు. పొద్దు గూకేదాకా విత్తాం. నేల అంత మెత్తగా, అంత చల్లగా ఉంది.

అంజలి


కడప,
జూన్ 24.

అంజలీ,

మొలిచాయా?

పోటీలో మాట్లాడనని సారుకు చెప్పేశాను. “బిల్లు వద్దనుకుంటే ప్రతిపక్షంలో మాట్లాడు, నీకు రెండువైపులా వచ్చు గదా,” అన్నారాయన. నిజమే, వచ్చు. నీ వాదనలన్నీ నాకు కంఠతా వచ్చు. శెట్టికి లేదు, మద్దిలేటికి ఉంది అన్న మాట చెప్తే సభ చప్పట్లు కొడుతుంది. మళ్లీ బహుమతి ఇస్తారు. ఆ చప్పట్లు నాకు వద్దు.

ఊరికి రావాలనుంది. వచ్చి ఏం చేయాలో తెలియడం లేదు. నువ్వు చెప్పు. నువ్వు ఏది చెప్తే అది చేస్తాను.

శ్రీవిద్య


ఆలూరు,
జూలై 4.

శ్రీవిద్యకు,

మొలవలేదు.

నల్లని తడి నేల మీద సాళ్లు దువ్వినట్టుగా ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి మొక్క, దారిన పోయేవాడు పారేసుకున్నట్టు. మొదటి వారమంతా మొలకల కోసం కాచుకున్నారు. ఎవరి చేనులో వాళ్లు గొంతుకూర్చుని వేళ్లతో మట్టి తవ్వి చూసుకున్నారు. తన చేను ఒక్కటే ఇలా అయిందని ప్రతివాడూ అనుకున్నాడు. తరువాత గట్ల మీద నిలబడి చూస్తే చూపు ఆనినంత దూరం అంతే.

నాయన మా పొలం చివరిదాకా ఒకసారి నడిచి వచ్చాడు. “రాని పన్నుకు ముందే కట్టేస్తిమి,” అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను కాలేజీకి పోయి టీసీకి అర్జీ పెట్టాను. ఆదివారం బెంగళూరు పోతున్నాం. అక్కడ ఒక కట్టడం పని దగ్గర గుడిసె ఇస్తారట.

ఇది చెప్పడానికి రాయడం లేదు. నిన్న జరిగింది నీకు తెలియాలి.

పొద్దున పేట మొత్తం మీ అంగడికి బయలుదేరింది. ఆడవాళ్లు కూడా. పక్క ఊళ్ల వాళ్లు ట్రాక్టర్లలో వచ్చారు. కొట్టడానికే పోతున్నారనుకున్నాను. ముందుగా పరుగెత్తి మీ నాన్నతో చెప్పాను. షట్టరు సగం దించాడు. మీ అవ్వ లోపలి తలుపు వేసుకుంది.

మారెన్న తాత మెట్టు దగ్గర ఆగి చేతులు కట్టుకున్నాడు. “శెట్టీ, షట్టరు దించాకప్పా. నీతో మాకు తగువు ల్యా.”

మీ నాన్న షట్టరు మీది చెయ్యి తీయలేదు.

“మీ పాపను పిలిపియ్యి.”

“పాప ఎందుకు?” అన్నాడు మీ నాన్న.

“ఇంకొక మాట చెప్పమను. వాన పోకముందే సర్కారు కొత్త విత్తనాలు ఇస్తాందని చెప్పమను. ఆ మైకుల ముందర, ఆ సింహాల బొమ్మ పెట్టుకుని. అంతే చాలు మాకు.”

నేను మధ్యలోకి పోయాను. తాతా, శ్రీవిద్య చేతిలో ఏమీ లేదు, ఆమె మాటతో పన్ను రాలేదు, విత్తనాలూ రావు, అది మొదటినుంచీ ఉత్త మాటే అని అరిచాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

“ఉత్త మాటకు ఇన్ని ఊర్లు కదుల్తాయా పాపా? ఎవురు చెప్తే మేము ఇట్ల కదిల్నాం? ఆ పాప నోట్లో ఏమో ఉండాది. మాకు కీడు చెప్పింది, జరిగిపాయ. మేలు కూడా చెప్పమను.”

భీమక్క అందుకుంది. “మొదలు చెప్పినప్పుడు ముప్పైకే ఆపింది గదప్పా. మంచి పిల్ల.”

మీ నాన్న అప్పుడు నా వంక చూశాడు. ఈ జనానికి కోపం వచ్చి ఉంటే బాగుండేదని ఆయన ముఖంలో కనిపించింది.

ఏం చేయాలో చెప్పమన్నావు. నాకు తెలియడం లేదు. నువ్వు వచ్చి నిజం చెప్తే నమ్మరు, బెదిరించారంటారు. వాళ్లు అడిగింది చెప్తే నమ్ముతారు, వారం పది రోజులు చేన్ల దగ్గర కాచుకుని ఉంటారు, ఆ లోపు తడి ఆరిపోతుంది. రాకుండా ఉంటే, రేపు వస్తుందని చెప్పుకుంటూ అక్కడే కూర్చుంటారు.

వస్తావని నేను చెప్పలేదు. రావని కూడా చెప్పలేకపోయాను. ఆంజనేయ తన అంగట్లోంచి తీగ లాగి బల్ల మీద ప్లగ్గులు పెట్టాడు. కడప బస్సు వచ్చే వైపు తిరిగి, అందరూ నువ్వు చెప్పబోయే మాట ఎక్కించుకోవడానికి ఫోన్లు చార్జింగుకు పెట్టుకుని కూర్చున్నారు.

అంజలి